గోదావరిఖనిలో దుమ్ము దొరకని రోజు

అంగారక గ్రహానికి వెళ్లే దారిలో రామగుండం స్టేషన్ వస్తుందని ఈ వేసవి దాకా నాకు తెలియదు.

నేను రాజమండ్రి వాణ్ణి. ఆదివారం పేజీలకు అవీ ఇవీ రాస్తుంటాను. ఆ మధ్య, అంగారకుడి మీద తిరిగే రోవర్లు అక్కడి దుమ్మును ఎలా పరీక్షిస్తాయో ఒక వ్యాసం రాశాను. అచ్చయిన మర్నాడే ఫోన్ వచ్చింది. అవతల ఒక అమ్మాయి గొంతు.

"సార్, దుమ్ము గురించి మంచిగ రాసిండ్రు. కానీ దుమ్ము చూసి రాసినట్టు లేదు. ఒక్కసారి మా గోదావరిఖనికి రాండ్రి, చూపెడత."

పేరు లావణ్య. పాలిటెక్నిక్‌లో లెక్చరర్. పిల్లలతో కలిసి తానూ ఒక రోవర్ చేసిందట. దేశం మొత్తం మీద కాలేజీల మధ్య ఒక పోటీ జరగబోతోంది. దానికి పంపాలా వద్దా అని తేల్చడానికి శనివారం హైదరాబాద్ నుంచి ఒక పరీక్షకురాలు వస్తోంది. ఒక్కసారే వస్తుంది, చూసి వెళ్లిపోతుంది. బండి నెగ్గితే కాలేజీలో ఒక గదిని దానికోసం ఇస్తామన్నారు. నెగ్గకపోతే విప్పేసి, మోటార్లూ తీగలూ పిల్లల మామూలు ప్రాజెక్టులకు పంచేస్తారు.

గురువారం బయల్దేరాను. దుమ్ము చూడ్డానికి వెళ్తూ తెల్ల చొక్కా వేసుకోవడం నా తెలివి.

రామగుండం

ప్లాట్‌ఫాం మీద దిగగానే ఎండ పలకరించింది. మా గోదావరి గట్టున ఎండ చెమటతో వస్తుంది. ఇక్కడిది పొడిగా, పొయ్యి మూత తీసినట్టు వస్తుంది. బయట ఆటో అతను నా చొక్కాను జాలిగా చూశాడు.

"పెండ్లికొచ్చినవా సారూ?"

"కాదు, దుమ్ము చూడ్డానికి వచ్చాను."

"దుమ్మును మనం చూసుడేంది సారూ, అదే మనల్ని చూస్తది. కూసో."

దారిలో కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు చాలాసేపు మాతోనే నడిచాయి. చౌరస్తాలో చాయ్ తాగాను. పది రూపాయలకు మా ఊళ్లో ఇచ్చే గ్లాసు కన్నా పెద్దది, మా ఊరి టీ కన్నా చిక్కనిది. చాయ్ పోసిన మనిషి గ్లాసును బోర్లించి, తుడిచి, మళ్లీ తిప్పి చూసి అప్పుడు పోశాడు. శుభ్రం విషయంలో ఇంత పట్టింపు ఏమిటా అనుకున్నాను. ఇంకో గంటలో అర్థమైంది.

క్వార్టర్

లావణ్య వాళ్లది బొగ్గుగని కంపెనీ క్వార్టర్. గుమ్మంలో వాళ్లమ్మ భూలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో మంచినీళ్ల చెంబు ఉంటుందనుకున్నాను. తడి తువ్వాల ఉంది.

"మొఖం, మెడ, చేతులు తుడుసుకోండ్రి సారూ. తర్వాత నీళ్లిస్త."

తుడుచుకున్నాను. తువ్వాల రంగు మారింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేను ఎంత దూరం నుంచి వచ్చానో లెక్కకట్టినట్టు తలూపి లోపలికి రమ్మంది.

మా ఊళ్లో ఇల్లు పొద్దున్న ఒకసారి ఊడుస్తారు. ఇక్కడ షిఫ్టు మారినప్పుడల్లా తుడుస్తారు. మగవాళ్లు డ్యూటీకి వెళ్లాక ఒకసారి, వచ్చాక ఒకసారి, ఎవరూ రాకపోయినా గాలి వచ్చిందని ఒకసారి. మేం వడియాలు డాబా మీద ఆరబెడతాం. వీళ్లు గదిలో ఫ్యాన్ కింద పాత చీర పరిచి ఆరబెడుతున్నారు. ఉతికిన బట్టలూ లోపలే. గోడ గడియారానికి ప్లాస్టిక్ కవరు, టీవీకి గుడ్డ, ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ. నేల మీద నా మొహం కనిపించింది.

ఆ అద్దం లాంటి ఇంట్లో, వరండా మూల గోనెసంచి మీద, దుమ్మును వెతికే బండి కూర్చుని ఉంది.

నీళ్ల పైపు ముక్కలు కోసి చేసిన ఆరు చక్రాలు. వీపున సోలార్ పలక. దాని పక్కన పాడైపోయిన స్పీకర్లలోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాలు. కడ్డీ మీద నిలబెట్టిన పాత సెల్‌ఫోన్ కెమెరా. గుట్టల మీద ఆగుతూ, వంగి చూస్తూ తిరుగుతుందని వీధిలో వాళ్లు దానికి 'మేక' అని పేరు పెట్టారు.

"సారూ, ఇది గుట్ట మీద తిరిగొచ్చి సీదా ఇంట్లకు రావాలంటది" అంది భూలక్ష్మి. "నేనూకుంటనా? మా ఆయననే గడప బయట కడిగి లోపలికి తీసుకుంట. దీనికి ఆరు కాళ్లాయె. శనివారం దాకనే దీని ఉండుడు. మేడం మెచ్చుకుంటే కాలేజికి పోతది, లేకుంటే ఎటన్న పోతది. నా ఇంట్ల మాత్రం ఉండది."

"గట్లనే అంటది సార్. దానికి జొరమొచ్చినట్టు రోజూ తడిగుడ్డతోటి తుడిసేది ఆమెనే" అంది లావణ్య.

"దాన్ని కాదు, నా వరండాను తుడుస్త!"

సర్వప్పలు వచ్చాయి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, మిరపకాయలు కలిపి గిన్నె లోపలి గోడకే అద్ది కాల్చే రొట్టె. అంచు కరకర, మధ్య మెత్తన. అది తింటూ లావణ్య పాఠం విన్నాను. నా వ్యాసంలో నేను గజిబిజి చేసినదంతా ఆమె రెండు సర్వప్పల్లో తేల్చేసింది.

అంగారకుడి మీద దుమ్ము పిండి కన్నా మెత్తన. అందులో ఇనుము ఉంది కనుక అయస్కాంతానికి అంటుకుంటుంది. అందుకే అక్కడికి పంపిన కొన్ని బండ్ల మీద అయస్కాంతాలు బిగించారు. గాలిలో ఎగిరే దుమ్ము వచ్చి వాటి మీద వాలుతుంది. కెమెరా ఫొటో తీస్తుంది. ఏ రంగుది వాలింది, ఎంత గట్టిగా పట్టుకుంది అన్నదాన్ని బట్టి అది ఎలాంటి దుమ్మో చెబుతారు. కెమెరాకు నల్ల అద్దం పెట్టి సూర్యుణ్ణి చూపిస్తే, ఎండ ఎంత మసకబారిందో దాన్ని బట్టి ఆకాశంలో దుమ్మెంతో తెలుస్తుంది. ఇక సోలార్ పలక మీద దుమ్ము పేరుకున్న కొద్దీ కరెంటు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూస్తే ఎంత పడిందో తెలుస్తుంది.

"మరి తుడిచేదెవరు?" అన్నాను.

"అదే సార్ అసలు కష్టం. కొన్ని నెలలకని పంపిన బండ్లు ఏండ్లకేండ్లు నడిచినయి. ఎట్లంటే గాలి దుమారం వచ్చి పలకలు ఊడ్చిపోయింది. ఇంకోసారి అదే దుమారం గ్రహం మొత్తం కమ్మి ఒక బండిని పడుకోబెట్టింది. మరొక యంత్రం ఉండె, నడువది, ఒక్క కాడనే ఉంటది. దానికి చెయ్యి ఉన్నది. ఆ చెయ్యితోటి పలక పక్కన ఇసుక పోసిండ్రు. గాలికి ఇసుక రేణువులు పలక మీద ఎగిరెగిరి పడుకుంట సన్న దుమ్మును గూడ లేపుకపోయినయి. కొంచెం కరెంటు పెరిగింది."

వంటింట్లోంచి నవ్వు వినిపించింది. "ఇసుకతోటి తోముడు నేర్చుకునెటందుకు గంత దూరం పోయిండ్రా?"

మేకకు కూడా ఒక చిన్న ఇసుక డబ్బా, అరచేతిలో పట్టే ఫ్యాన్ ఉన్నాయి. చెయ్యి తగలకుండా తన వీపు తానే తుడుచుకోవాలి. పరీక్ష అదే. ఇంకో నియమం కూడా ఉంది. నేల మీద నుంచి ఎత్తిన మట్టి పనికిరాదు. గాలిలో వచ్చి, తనంతట తాను వాలిన సొంత ఊరి దుమ్మే కావాలి.

మట్టి గుట్ట

శుక్రవారం లావణ్య వాళ్ల నాన్న ఓదెలు మమ్మల్ని గుట్ట దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. పైన ఉన్న మట్టినీ రాళ్లనూ తీస్తేగానీ కింద బొగ్గు కనిపించదు. అలా తీసి పోసిన మట్టే ఇక్కడి గుట్టలు. ఒక పాత గుట్ట మీద ఓ మూలను బండి తిప్పుకోవడానికి అనుమతి ఇచ్చారు. చెట్టూ చేమా లేని ఆ ఎర్రటి, బూడిదరంగు వాలును చూస్తే, నా వ్యాసంతో పాటు అచ్చేసిన ఫొటో ఇక్కడే తీశారేమో అనిపించింది.

"ఈ గుట్టల సగం నేను పోసిందే సారూ" అన్నాడు ఓదెలు. "నా బిడ్డ దీని మీద బండి తిప్పుతదని తెలిస్తే ఇంకింత సాపుగ పోస్తుంటి."

"సాపుగ ఉంటే పరీక్ష ఏముంటది బాపూ!"

వాలు మీద వరుసగా స్టీలు పళ్లేలు పెట్టి ఉన్నాయి. మూడు వారాలుగా వాటిలో దుమ్ము వాలుతోంది. రేపు వాడేది ఆ దుమ్మే. వంగి చూశాను. మెత్తగా, ముఖానికి రాసుకునే పౌడరులా ఉంది. పిల్లలు సెలవులకు ఊళ్లకు వెళ్లడంతో తండ్రీ కూతుళ్లే మేకను వదిలారు. గులకరాళ్లెక్కింది, ఆగింది, నల్ల అద్దం పెట్టుకుని సూర్యుణ్ణి చూసింది, మళ్లీ కదిలింది. నేను దానికి అడ్డం తప్పుకోబోయి జారి, ఓదెలు పోసిన గుట్ట మీద రెండు గజాలు కూర్చునే ప్రయాణించాను. తెల్ల చొక్కా కథ అక్కడితో ముగిసింది.

కింద డంపర్ల దారిలో నీళ్ల ట్యాంకర్ ఒకటి ఆగింది. దుమ్ము లేవకుండా దారి తడపడం దాని పని. నడిపే మల్లేశం ఓదెలుకు పాత దోస్తు. లావణ్య ఆయన్ని కాకా అని పిలుస్తుంది.

"ఏం బిడ్డా, రేపేనా మేడం వచ్చేది?"

"రేపే కాకా. పొద్దుగాలనే వస్తది."

"పెద్ద మేడమా?"

"బాగా పెద్ద మేడం."

"ఫికర్ చెయ్యకు. నేనున్న గదా" అని మల్లేశం ట్యాంకర్ కదిలించాడు. ఆ భరోసా మా అందరికీ బాగానే అనిపించింది.

శనివారం పొద్దున

పరీక్షకురాలి పేరు శారద. తల నెరిసిన, తక్కువ మాట్లాడే మనిషి. మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్లాలి. జీపు గుట్ట దగ్గరికి వస్తుంటే కిటికీలోంచి చల్లటి గాలి, తొలకరి వాసన తగిలాయి. ఏప్రిల్‌లో తొలకరి ఏమిటని నేను ఆశ్చర్యపోయేలోగా లావణ్య "అయ్యో" అంది.

దారి తడిసింది. దారి పక్కన చెట్లు తలంటు పోసుకున్నట్టు ఉన్నాయి. గుట్ట తడిసింది. పళ్లేలలో మూడు వారాల దుమ్ము చిక్కటి చారులా నిలబడి ఉంది. ట్యాంకర్ పక్కన మల్లేశం, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికూతురు తరఫు పెద్దమనిషిలా నవ్వుతూ చేతులు జోడించాడు.

"నమస్తే మేడం. మీకు దుమ్ము కొట్టొద్దని చీకటితోనే వచ్చి రెండు ట్యాంకర్లు కొట్టిన. గొట్టం పట్టుకుని గుట్ట గూడ తడిపిన."

ఇక్కడ ఎవరైనా పెద్దలు వస్తున్నారంటే దారి తడపడం మర్యాద. మంత్రి వచ్చినా, పెద్ద సారు వచ్చినా, పెళ్లివారు వచ్చినా మొదట నీళ్లే ఎదురెళ్తాయి. దుమ్ము కోసమే ఒక మనిషి వస్తుందని ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఎవరికీ తట్టలేదు. తట్టే అవసరమూ రాలేదు.

"కాకా, దుమ్ము చూడనీకే వచ్చింది మేడం" అంది లావణ్య. గొంతులో కోపం లేదు, శక్తి లేదు.

మల్లేశం ముఖంలో నవ్వు దిగిపోయింది. "దుమ్ము చూడనీకెనా? మన దుమ్మును? ఎవలన్న చూస్తరా బిడ్డా?"

మేకను దింపి చూశారు. రెండు మూరలు నడిచి, బురదలో ఆరు కాళ్లూ పాతుకుని, కెమెరా మాత్రం అటూ ఇటూ తిప్పుతూ మా వంక చూసింది. మల్లేశమే ప్యాంటు మడిచి దిగి, దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు.

శారద గారు చుట్టూ చూశారు. "రెండు గంటల టైముంది. గాలిలో వచ్చి వాలిన దుమ్ము ఎక్కడున్నా ఫరవాలేదు. మీ ఊరిదైతే చాలు."

లావణ్య ముఖం వెలిగింది. గోదావరిఖనిలో దుమ్ముకేం కరువు?

దుమ్ము వేట

వీధిలో మొదటి ఇంటి గుమ్మంలో ఒకామె చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"అక్కా, మీ ఇంట్ల బీరువా మీద దుమ్మున్నదా? జెరంత కావాలె."

ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. "ఎవలు చెప్పిండ్రే నీకు మా ఇంట్ల దుమ్మున్నదని?"

"ఎవలు చెప్పలే అక్కా, మాకే కావాలె…"

"నిన్ననే తుడిసిన. కావాల్నంటే వచ్చి చెయ్యి పెట్టి చూడు. దుమ్ము కావాల్నంటే ఆ ఎదురింట్ల అడుగు, మస్తుంటది."

ఎదురింటామె అంతా వింది. మేం గేటు ముట్టుకోకముందే మొదలుపెట్టింది. "మా ఇంట్లనా? ఆమె అన్నదా? ఆమె ఇంట్ల ఫ్యాను రెక్కలు చూసినవా నువ్వు?"

ఆ రెక్కల మాట వినగానే లావణ్యకు ప్రాణం లేచి వచ్చింది. వెళ్లి చూస్తే మిలమిల మెరుస్తున్నాయి. మొదటామె మాకు దారి చూపించి, రెక్కలు చూపించి, ఎదురింటి వైపు చూసి గట్టిగా నవ్వింది.

మూడో ఇంట్లో ఒక ముసలమ్మ తన మంచం కింద చూసుకోమని స్వయంగా మంచం ఎత్తింది. కింద చాప, చాప కింద నున్నటి నేల. పక్క సందులో కదలకుండా పడున్న స్కూటర్ కనిపించి నేను ఉత్సాహంగా గుడ్డ లాగాను. కింద ఇంకో గుడ్డ, దాని కింద నిగనిగలాడే స్కూటర్. ఓనరు వచ్చి, కొంటానికి వచ్చావా అని అడిగాడు. చెట్ల ఆకులు చూద్దామంటే మల్లేశం వాటినీ తడపకుండా వదల్లేదు. ఊరి మీద రోజంతా దుమ్ము కురుస్తుంది. కానీ ఏ ఇంటామె కూడా దాన్ని పూట గడవనివ్వదు. ఆ పోరు ఎంత గట్టిదో, ఓడిపోయి ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు తెలిసింది.

భూలక్ష్మి ఇల్లు

శారద గారు వరండాలో జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటున్నారు. లావణ్య మెట్టు మీద కూర్చుంది. మల్లేశం గేటు బయటే నిలబడిపోయాడు.

"ఇగ పోండ్రి మేడం. ట్రైను టైమైతది" అంది లావణ్య. "బండి మంచిగనే చేసినం. మీరు ఒట్టిగనే వచ్చినట్టాయె."

శారద గారు చెయ్యి కడుక్కోవడానికి లేచారు. భూలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి కూతురి వంక చూస్తోంది. తర్వాత గేటు దగ్గరికి వెళ్లి వీధి అటు చివర, ఇటు చివర చూసింది. మల్లేశాన్ని లోపలికి లాగింది.

"తలుపు పెట్టుండ్రి. కిటికీలు గూడ."

అన్నీ మూశాక భర్తతో మెల్లగా అంది. "స్టూలెయ్యి. సజ్జ మీద, వెనుక, గోడకానుకొని రేకు పెట్టె ఉన్నది. దాన్ని కదిలియ్యకుంట మెల్లగ దించు."

ఓదెలు ఎక్కాడు. పైకప్పు కింద, మేం అటక అనే ఆ సజ్జ మీద డబ్బాలు జరిపాడు. లోపలికి తొంగి చూశాడు.

"ఓయమ్మో! గింత దుమ్మా!"

"మెల్లగ మాట్లాడు! గోడకవతలనే పక్కింటోళ్లు!"

డంపర్ నడిపే మనిషి, ఒళ్లంతా దుమ్ముతో ఇంటికొచ్చే మనిషి, తన ఇంటి నెత్తి మీద దుమ్మును చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నన్ను గడప బయట కడుగుతివి గదనే ఇన్నేండ్లు!"

భూలక్ష్మి ఎవరి వంకా చూడలేదు. "స్టూలెక్కితే నాకు కండ్లు తిరుగుతయి. ఎవలనన్న ఎక్కమంటే ఆడ దుమ్మున్నదని తెలుస్తది గదా. గందుకే ఎవలకు చెప్పలే."

"మాకన్న చెప్పొద్దా అమ్మా?"

"మీకు చెప్తే ఇగ ఈయిన నా మాట ఇంటడా?"

పెట్టె దిగింది. క్వార్టర్‌లోకి వచ్చిన ఏడాదే పైకెక్కిన పెట్టె అట. దాని మూత మీద వేలెడు మందాన, బూడిదరంగులో, నలగని దుమ్ము. శారద గారు కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వంగారు. పొద్దుట్నుంచీ ఆమె ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

పరీక్ష

ఇంటి వెనక మూసిన పెరట్లో, ఎండలో మేకను నిలబెట్టారు. జల్లెడతో పట్టి, ఫ్యాను గాలికి దుమ్మును దాని మీద రాల్చారు. కరెంటు చూపించే ముల్లు దిగడం మొదలుపెట్టింది. లావణ్య దాని వంక చూడకుండా, చూస్తున్న తల్లి వంక చూస్తోంది.

అయస్కాంతాలకు మెల్లగా గడ్డం మొలిచింది. బొగ్గు పొడి జారిపోయింది గానీ, సన్నటి నల్ల నలుసులు కొన్ని పట్టుకుని నిలబడ్డాయి. పొగ గొట్టాల బూడిదలో ఇనుప పూసలుంటాయని, అవే ఇవని లావణ్య చెప్పింది. మట్టి, బొగ్గు, బూడిద అన్నీ ఆ పెట్టె మూత మీదికి ఒద్దికగా చేరాయి.

ఇక తుడుచుకోవాలి. మేక వీపు వంచి దులుపుకుంది. పై దుమ్ము రాలింది. సన్నది అలాగే అంటుకుని ఉంది. ముల్లు కొంచెమే లేచి ఆగిపోయింది. రెండోసారి దులుపుకుంది. ముల్లు కదల్లేదు. తుడవడానికి భూలక్ష్మి చెయ్యి దానంతటదే కొంగు పట్టుకుంది. ఓదెలు ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

ఇసుక డబ్బా తెరుచుకుంది. చిన్న ఫ్యాను తిరిగింది. ఇసుక రేణువులు పలక మీద ఎగురుతూ, గంతులేస్తూ, ఆ చివర నుంచి ఈ చివరకు పోయాయి. అవి పోయిన చోటల్లా నీలంగా చారలు పడ్డాయి. ముల్లు లేచింది. ఇంకొంచెం లేచింది. మొదట ఉన్న చోటికి చేరలేదు గానీ, పందెంలో ఉండేంత దూరం వెళ్లింది.

శారద గారు ఆ ముల్లును మూడుసార్లు చూశారు. "మీ మేక పోటీకి వస్తుంది" అన్నారు.

మల్లేశం కళ్లు తుడుచుకుని, కంట్లో దుమ్ము పడిందన్నాడు. ఆ రోజు ఊళ్లో ఆ మాట నమ్మేవాళ్లు ఎవరూ లేరు.

మిగిలిన దుమ్మును పోటీకి తెమ్మని శారద గారు ఒక సీసాలోకి ఎత్తించి, పైన చీటీ అంటించారు. కలం తీసి, "ఎక్కడిదో ఖచ్చితంగా రాయాలి. ఏ ఇల్లు, ఏ చోటు" అన్నారు.

భూలక్ష్మి ముందుకొచ్చింది. "గోదావరిఖని అని రాయండ్రి మేడం. సరిపోతది."

"సరిపోదమ్మా. అక్కడ అడుగుతారు."

"పక్కింటిదని రాయరాదుండ్రి?"

"అమ్మా!" అంది లావణ్య.

భూలక్ష్మి సీసా వంక, కూతురి వంక, దుమ్ము కొట్టుకుపోయిన మేక వంక చూసి పెద్దగా నిట్టూర్చింది.

"సరే, రాయండ్రి. ఇంటి నంబరు గూడ రాయండ్రి. సజ్జ మీద అని రాయండ్రి. కింద ఇల్లంత సాఫ్‌గ ఉన్నదని, మీరు మీ కండ్లతోటి చూసినరని, అది గూడ రాయండ్రి."

శారద గారు నవ్వలేదు. చీటీ చిన్నది కావడంతో సన్నటి అక్షరాలతో రాశారు. వచ్చే నెల పోటీలో, దేశం నలుమూలల నుంచి వచ్చిన దుమ్ము సీసాల వరుసలో ఒక్కదాని మీద మాత్రం ఇలా ఉంటుంది. ఇంటి నంబరు, గోదావరిఖని, సజ్జ మీద. కింద ఇల్లు శుభ్రం, స్వయంగా చూశాను.